రెండు ఎడమ సగాలు

ఇవాళ కూడా బల్ల మీద రెండూ ఎడమ సగాలే ఉన్నాయి.

కుడిది లేదు.

మా ఆయన మణికట్టు నొప్పి ఉన్నవాళ్లకు కీబోర్డులు చేసిస్తారు. కీబోర్డు నడిమికి కోసినట్టు రెండు సగాలుగా ఉంటుంది. ఎడమచేతికొకటి, కుడిచేతికొకటి, మధ్యలో ఓ తీగ. చేతులు రెండూ దగ్గరికి ఇరికించుకుని కూర్చోనక్కర్లేదు, భుజాలంత ఎడంగా పెట్టుకుని హాయిగా టైపు చేసుకోవచ్చు.

కొట్లో కొనాలంటే నెల జీతం పోయాలి. ఈయన పాత కీబోర్డుల మీటలు పీకి, చెక్కముక్కలు కోసి, ఓ చెప్పుల జత ఖరీదులో చేసేస్తారు. వీధిలో అందరూ కీబోర్డు డాక్టరంటారు.

మొదటిది నా కోసమే చేశారు. ఆస్పత్రి రిపోర్టులు టైపు చేసి చేసి నా చేతులు పట్టేసిన రోజులవి. తెల్లకాగితం మీద నా రెండు చేతులూ పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీసి, నా వేళ్ల పొడవును బట్టి మీటలు అమర్చారు. నెల్లాళ్లలో నొప్పి మాయమవుతుందన్నారు. అన్నట్టే మాయమైంది.

ఆ కాగితం ఇప్పటికీ బల్ల ఎదుట గోడకు ఉంది.

ఈ పనిలో ఒక్కటే మెలిక. రెండు సగాలకూ లోపలి సర్క్యూట్ పలక ఒకటే. ఒకవైపు మీటలు అతికిస్తే ఎడమది, తిరగేసి అతికిస్తే కుడిది. తిరగెయ్యడం మరిచిపోతే రెండూ ఎడమవే అవుతాయి. అందుకే ఆయన పని మొదలుపెట్టే ముందే కుడి పలకకు నీలం టేపు ముక్క అంటిస్తారు.

ఈమధ్య దాకా, పదకొండేళ్లలో ఒక్కసారీ తప్పలేదు.

మొదటిసారి తప్పినప్పుడు ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. మనుషులకు కుడిచెయ్యి కూడా ఉంటుందని మరిచిపోయారా అని ఏడిపించాను. రెండో ఎడమది నీకేలే, వంటింట్లో పెట్టుకో అన్నారు.

రెండోసారి నేను నవ్వలేదు. ఆయన పలకలు అమ్మినవాణ్ని తిట్టిపోశారు.

మూడోసారి ఎవరినీ ఏమీ అనలేదు. నీలం టేపు చుట్టను చేతిలో తిప్పుతూ, అది ఎందుకుందో తెలియనట్టు చూస్తూ కూర్చున్నారు.

ఇంక ఆర్డర్లు మానిపించెయ్యమని మా ఆడపడుచు ఫోనులో పోరుతూనే ఉంది. మానిపిస్తే ఆ మనిషి పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్లి కూర్చోవాలి? ఆ బల్ల దగ్గర ఉన్నంతసేపే ఆయన ఆయనలా ఉంటున్నారు.

అందుకని మధ్యాహ్నం ఆయన కునుకు తీసినప్పుడు నేను వెళ్లి కూర్చుంటున్నాను.

ముప్పై మీటలు, మీటకు రెండు అతుకులు. ఒక్కో అతుకునూ కాల్చి, కరిగిన సీసాన్ని స్ప్రింగు పంపుతో లాగేసి, మీట ఊడదీసి, పలక తిరగేసి మళ్లీ అతికిస్తాను. ఆయన లేచేసరికి బల్ల మీద ఎడమది ఒకటి, కుడిది ఒకటి. చెయ్యి తిరిగినవాడి పని అంటే ఇలా ఉండాలోయ్ అని మురిసిపోతారు. ఔనంటాను.

మొన్న ఒక ప్రూఫ్ రీడరమ్మ వచ్చి తన కీబోర్డు పట్టుకెళ్తూ, మీ చేతులు చల్లగుండాలి సార్ అంది. నేను నా ఎడమచెయ్యి కొంగులో దాచుకున్నాను.

పంపు నొక్కినప్పుడల్లా బొటనవేలి నుంచి మోచేతిదాకా లాగేస్తోంది. పదకొండేళ్ల కిందట పోయిన నొప్పి మళ్లీ వచ్చింది. నిన్నటి నుంచి మణికట్టుకు గుడ్డ కట్టుకున్నాను.

ఇవాళ ఆయన తొందరగా లేచేశారు. చేతిలో పంపుతో దొరికిపోయాను. దొంగలా గబుక్కున లేచి నిలబడ్డాను.

ఆయన బల్ల వైపు చూడలేదు. నా కట్టు వైపు చూశారు.

"మణికట్టు నొప్పాండీ?"

ముప్పై ఏళ్లుగా నన్ను ఏమోయ్ అని తప్ప పిలవని మనిషి.

తలూపాను.

"కూర్చోండి. భయపడాల్సిందేం లేదు. మా ఆవిడకీ ఇలాగే ఉండేది. నేను చేసిచ్చాక నెల్లాళ్లలో తగ్గిపోయింది."

ఆవిడ ఇప్పుడెలా ఉన్నారని అడిగాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు.

ఆయన పడకగది వైపు చూసి గొంతు తగ్గించారు.

"లోపల పడుకుంది. పొద్దస్తమానం టైపు చేసి అలిసిపోతుంది, పాపం."

బల్ల మీద చోటు చేసి తెల్లకాగితం పరిచారు. నా ఎడమచెయ్యి దాని మీద పెట్టించారు. కట్టుకు పెన్సిలు తగలకుండా, ఒక్కో వేలి చుట్టూ మెల్లగా గీశారు. గీత ఎక్కడా వణకలేదు. ఏడుపు ఆపుకోవడానికి గోడకున్న పాత కాగితాన్ని చూస్తూ కూర్చున్నాను.

గీసిన కాగితం జాగ్రత్తగా పక్కన పెట్టి, ఇంకొకటి పరిచారు.

"ఇప్పుడు ఎడమచెయ్యి పెట్టండి."

మళ్లీ ఎడమచెయ్యే పెట్టాను.