కొర్రమీను పాఠం

“చేప నీళ్ళలోనే ఊపిరి పీలుస్తుంది. బయటికి తీస్తే చచ్చిపోతుంది,” అంటూ కాశీరావు తల్లి కొండలమ్మ ముందు నిలబడి పాఠం అప్పజెప్పాడు. మర్నాడు బెజవాడ ట్రైనింగు స్కూల్లో, ఇనస్పెక్టరు ఎదుట పిల్లలకు అదే చెప్పాలి. తప్పితే సైన్సు మేష్టరు ఉద్యోగం రాదు.

“ఎవర్రా నీకు చెప్పింది?” అంది చేపలమ్మే కొండలమ్మ. పొద్దున కొల్లేటి నుంచి వచ్చిన కొర్రమీను, సాయంత్రమైనా ఆమె తట్టలో ఎగిరెగిరి పడుతోంది.

కాశీరావు తట్ట మీదికి వంగాడు. “ఇదెలా బతికుందమ్మా?”

“దాన్నే అడుగు. ఇన్నేళ్ళు అమ్మినా నాకు చెప్పలేదు.”

అతను పుస్తకం మూసేశాడు. “రేపు పాఠం చెప్పను. పిల్లల్నే అడుగుతాను. నాకూ తెలియదని చెప్పి, వాళ్ళతో కలిసి చూస్తాను. ఈ చేపనిస్తావా?”

“తీసుకెళ్ళు నాయనా. చావకముందే చూపించు. చచ్చిందంటే ఇనస్పెక్టరుగారు కూరకి పట్టుకుపోతారు.”