ఏడుగురు పట్టిన గుమ్మడికాయ

కోడలి వేళ్లు కీబోర్డు మీద నుంచి లేచి గాలిలో ఆగిపోయాయి.

కిటికీ దగ్గర గోళ్లు తీసుకుంటున్న నేనూ ఆగాను.

"మామయ్యగారూ, పోయింది."

"ఎవరు పోయారమ్మా?"

"మనుషులు కాదు. పని. పన్నెండు రోజుల పని."

గోడ గడియారం తొమ్మిదీ యాభై చూపిస్తోంది.

పదకొండింటికి ఆస్పత్రి పెద్ద డాక్టరమ్మ వీడియో కాల్‌లో ఆ తెర మీదకి వస్తుంది, పని చూడటానికి. రోగి మంచం పక్కన వేలాడే సెలైన్ సీసా ఖాళీ కాబోయే ముందు, నర్సు బల్ల మీద గంట మోగాలి. మా కోడలు రాసిన ప్రోగ్రాం అదే.

మోగితే వార్డంతా పెడతారు. మోగకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తారు.

పిల్ల పుట్టాక, మూడేళ్లకి ఆమె చేతికొచ్చిన మొదటి పని.

ఆ పనివాళ్లకో పద్ధతి ఉంది. చేసింది చేసినట్టు ఎప్పటికప్పుడు దాచుకుంటూ, దాచినప్పుడల్లా ఒక చీటీ అంటిస్తారు. ఎక్కడైనా చెడితే వెనకటి చీటీ దగ్గరికి పోవచ్చు.

నిన్నటి నుంచి గంట మొరాయిస్తోంది. రెండడుగులు వెనక్కి వేద్దామనుకుని, మా కోడలు పన్నెండు రోజులు వెనక్కి దూకింది.

తెర మీద మొదటిరోజు రాసిన నాలుగు ముక్కలే మిగిలాయి.

"ఆఫీసులో ఇంకో నకలు ఉండదా?"

"పంపలేదు. పూర్తిచేసి ఒకేసారి పంపుదామనుకున్నా."

ఇలాంటప్పుడు పెద్దవాడన్నాక ఒక ధైర్యం చెప్పాలి కదా.

"మా చిన్నప్పుడు సుడిగాలొచ్చి మా బడిని ఎత్తుకుపోయింది తల్లీ. పంతులుగారు పదమూడో ఎక్కం మా ఊళ్లో మొదలెట్టి పక్కూళ్లో ముగించారు. ఒక్క పలక కూడా..."

"మామయ్యగారూ. ఇప్పుడు కాదు."

నోరు మూసుకున్నాను. మా వంశంలో అది మొదటిసారి.

కాసేపటికి ఆమే తల పైకెత్తింది.

"ఉండండి. చిట్టా ఒకటి ఉంటుంది. ఎక్కడెక్కడ కాలు పెట్టామో అది లోపల్లోపల రాసుకుంటుంది. వెనక్కి దూకినా చెరిపెయ్యదు."

కీబోర్డు మీద ఒక్క వరస కొట్టింది.

తెర నిండా చీటీలు. నలభై ఒకటి.

కళ్లజోడు తగిలించుకుని వంగాను.

మొసలి మీద సవారీ. దోమ ఎత్తుకెళ్లిన దూడ. గాల్లో బడి.

"ఇవి నా కథలు కదమ్మా?"

"మీరు పిలిస్తే గంటకి గానీ వదలరు. అందుకే లేచే ముందు దాచుకుని, తిరిగొచ్చాక ఏ కథ విన్నానో అదే చీటీ మీద రాసేదాన్ని. మతిమరుపు రాకుండా."

వెక్కిరింతో, గౌరవమో తేల్చుకునే వేళ కాదు.

"ఇంకేం, దొరికాయిగా. ఆఖరిది తీసుకో."

"ఆఖరివన్నీ చెడ్డవే. గంట సరిగ్గా మోగింది ఏ చీటీలోనో కావాలి. ఒక్కోటి పరీక్షించాలంటే ఉత్తుత్తి సీసా ఖాళీ అవ్వాలి. పావుగంట."

అప్పటికే పది దాటింది.

"నాకు గుర్తుంది," అన్నాను.

నమ్మకం లేని చూపు చూసింది.

"గుమ్మడికాయ కథ మంచి పట్టు మీద ఉండగా మోగింది. నువ్వు లేచి పరిగెత్తావు. కథ మధ్యలో నన్నొదిలేసి పోయినవాళ్లని నేను జన్మలో మర్చిపోను."

గబగబా చీటీలు దింపింది. మొహం వాడిపోయింది.

"గుమ్మడికాయ నాలుగుసార్లు చెప్పారు."

గుమ్మడికాయ, వానకి ఐదుగురు దూరారు.

గుమ్మడికాయ, ఏడుగురు.

గుమ్మడికాయ, పన్నెండుమంది.

గుమ్మడికాయ, ఊరంతా, రెండు గేదెలు.

"ఆ రోజు లోపల ఎంతమంది?"

మొన్న ఐదుగురే అన్నారే అని ఎవరైనా అంటే, నువ్వు సరిగ్గా వినలేదని దబాయించడం నా పద్ధతి. నలభై ఏళ్లుగా ఈ పద్ధతికి లోటు రానివ్వలేదు.

గడియారం పదీ పదిహేను.

"కుమ్మరి కుండతో సహా దూరాడు," అన్నాను. "వెనకాలే అతని తమ్ముడు. ఏడుగురు. అప్పుడు మోగింది."

"మరి పన్నెండుమంది?"

"తర్వాత కలిపాను."

"గేదెలు?"

"అవీ కలిపినవే."

కోడలు నవ్వలేదు. ఏడుగురి చీటీ పట్టుకుని లాగింది.

తెర మళ్లీ నిండింది.

ఉత్తుత్తి సీసాలోంచి ఒక్కో చుక్కా జారుతోంది. అంత నెమ్మదైన పావుగంట నేను నా కథల్లో కూడా ఎరగను. ఆమె దుపట్టా అంచు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. నేను పదమూడో ఎక్కం చదువుకున్నాను. రెండుసార్లు తప్పు పోయింది.

సీసా అడుగుకి వచ్చింది.

గంట మోగింది.

"ఆ తర్వాత చేసినవన్నీ రంగులూ హంగులే," అంది ఊపిరి వదిలి. "అవి లేకపోయినా పర్లేదు."

పదకొండింటికి నేను వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాను.

మోగింది.

"ఇంకోసారి చూపించమ్మా," అంది డాక్టరమ్మ గొంతు.

మోగింది.

"సోమవారం నుంచి వార్డులో పెడదాం."

కోడలు కుర్చీలోంచి లేచి, గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచి, మళ్లీ కూర్చుంది.

సాయంత్రం మావాడు చెప్పులు విప్పుతూనే అడిగాడు.

"ఏమైంది?"

"ఏముందిరా, పన్నెండు రోజుల పని వెళ్లి గుమ్మడికాయలో ఇరుక్కుంది. నేను చెయ్యిపెట్టి బయటికి లాగాను."

"మొదలెట్టావా నాన్నా."

కోడలు ఛార్జరు వైరు చుడుతోంది. తలెత్తలేదు.

"నిజమే," అంది. "లోపల ఏడుగురున్నారు."