పెండలానికి పేరు

"నా దుంప జోలికొచ్చావంటే కాళ్లు విరగ్గొడతా!"

వెల్టెన్ కేకకి, నిన్న పడవ దిగిన పరాయి ఆవిడ ఉలిక్కిపడి లేచింది. చేతిలో కత్తి, గోళ్లనిండా మట్టి. సీమపనస చెట్టు మొదట్లో, అతని పెండలం పాదు పక్కన తవ్వుతూ దొరికిపోయింది.

పోన్‌పే దీవిలో పక్కవాడి పెండలం వైపు తేరిపార చూడటమే తప్పు. ఇక తవ్వడమంటే చెప్పాలా!

"పొరపడ్డారు పెద్దాయనా. నేను వ్యవసాయ శాస్త్రవేత్తని. దీవి దీవికీ తిరుగుతుంటాను. మీ ఆకులకి నల్ల తెగులు..."

"మా తెగులు నీకెందుకు? నా విత్తనం కొట్టుకురమ్మని ఏ ఊరివాడు పంపాడే నిన్ను?"

"తీసుకుపోవడానికి రాలేదు. నిన్న చెప్పబోతే మీరు వినలేదు. అందుకే..."

"అందుకే దొంగతనానికొచ్చావా?"

ఆవిడ కత్తి తుడిచి సంచిలో పెట్టుకుంది. ఇలాంటి మాటలు ఎన్ని దీవుల్లో పడిందో, మొహం నిండా అలసటే. సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం నలుగురూ చేరి సకావ్ వేరు రసం తాగేచోట, ఆవిడ దొంగ అని వెల్టెన్ చెప్పని మనిషి లేడు. ఊళ్లో ఎవరూ ఆవిడని గుమ్మం ఎక్కనివ్వలేదు. మర్నాటి పడవకి వెళ్లిపోయిందని తెలిసి, పీడ విరగడైందనుకున్నారు.

ఆ ఏడు ఊరంతా తీగలు నల్లగా మాడిపోయాయి. వెల్టెన్ ఏ పాదు తవ్వినా కుళ్లు కంపే. తవ్వీ తవ్వీ గట్టుమీద కూలబడ్డాడు.

"ఊరిపెద్ద విందుకి దుంప లేకుండా ఉత్త చేతులతో పోతావా? నలుగురిలో తల ఎక్కడ పెట్టుకుంటాం?" అంది భార్య మీలెంగ్.

"నవ్వితే నవ్వనీవే. నాకిక ఓపిక లేదు."

"మరి ఆ చెట్టుమీద తీగ పచ్చగానే ఉందేం?"

వెల్టెన్ తలెత్తాడు. సీమపనస మీద తను పెట్టిన తీగ మాడి వేలాడుతోంది. దాని పక్కనుంచి ఇంకొకటి కొమ్మల దాకా పాకింది. అది అతను పెట్టింది కాదు. ఆకు తీరే వేరు. ఆ రోజు ఆవిడ తవ్విన చోటే మొలిచింది.

లేచి దాని మొదట్లో తవ్వితే, ఒక్కడు ఎత్తలేనంత దుంప బయటపడింది.

విందుకి ఆ దుంపని ఇద్దరు మనుషులు కర్రకి కట్టి మోసుకెళ్లారు. ఊరంతా విరగబడి చూసింది. ఊరిపెద్ద చెయ్యి వేసి తడిమాడు.

"కొత్త రకమోయ్! తెచ్చినవాళ్ల పేరే పెట్టాలి. నీ పేరే పెట్టేద్దామా?"

"నేను తేలేదయ్యా."

"మరెవరు? పేరు చెప్పు."

వెల్టెన్ నోరు తెరిచాడు. దొంగ అని ఊరంతా చెప్పుకొచ్చాడే తప్ప, ఆవిడ పేరేమిటని అతను అడగనే లేదు.