హీరోగారి చిక్కని రక్తం

ఫిల్మ్ నగర్‌లో ఆ క్లినిక్‌కి వచ్చేవాళ్ళంతా ఏదో ఒకటి ఎక్కించుకోడానికే వస్తారు. ఒంటి నిగారింపుకి ఒక సెలైన్, రాలే జుట్టుకి ఇంకో సెలైన్. రక్తం తీయించుకోడానికి అపాయింట్‌మెంట్ ఉన్నది మాత్రం హీరో రఘునందన్‌కి ఒక్కరికే.

పాపం, ఆయన రక్తం మరీ చిక్కన. హిమోగ్లోబిన్ పంతొమ్మిదిన్నర. పైగా లడఖ్ కొండల మీద నెల రోజుల షూటింగ్.

“అంత ఎత్తులో ఈ రక్తం గడ్డకట్టిందంటే మనిషి దక్కడు,” అని రిపోర్టు చూసిన రోజే డాక్టర్ జానకిరామయ్య తేల్చేశారు. “వారానికో బాటిల్ తీసేద్దాం. పలచబడిందని నేను కాగితం రాసిస్తేనే ఫ్లైట్ ఎక్కాలి.”

ఇవాళ ఐదో బాటిల్. ఫ్లైట్ ఎల్లుండి.

మేనేజర్ త్రినాథరావు ముందు వచ్చి సోఫాలో చతికిలబడ్డాడు. వెనకే టోపీ, నల్లకళ్ళద్దాలు, మాస్కు. నర్సు మనోజ కూర్చోమనేదాకా ఆయన నిలబడే ఉన్నారు. ఎంత పెద్ద హీరోకి ఎంత అణకువ అనుకుందామె.

తీసేముందు ప్రతిసారీ వేలు పొడిచి హిమోగ్లోబిన్ చూడాలి నిజానికి. త్రినాథరావు వద్దన్నాడు. డాక్టరుగారు సరేనన్నారు. మాస్కులో ఉన్న హీరోగారితో దిగిన సెల్ఫీ అప్పటికే డాక్టరుగారి గదిలో ఫ్రేము కట్టి ఉంది మరి.

ఒక చేతినుంచి రక్తం బ్యాగులోకి దిగుతోంది. రెండో చేతికి సెలైన్ ఎక్కుతోంది. హీరోగారికి సూదంటే హడలనీ, మొదటి పరీక్షకి ఆస్పత్రిలో నలుగురు పట్టుకోవాల్సి వచ్చిందనీ జూబ్లీహిల్స్‌లో ఓ పుకారు. జనం నోటికి హద్దేముంది? ఇక్కడ రెప్పయినా వేయలేదు. మోచేతుల నిండా పాత కుట్లు. ఫైట్లన్నీ స్వయంగా చేస్తారని పేపర్లో రాసేది అబద్ధం కాదన్నమాట.

“ఇంకెన్నిసార్లు రావాల్నమ్మా? నిలబడితే కండ్లు తిరుగుతున్నయ్,” అన్నారాయన మెల్లగా.

మనోజ తెల్లబోయింది. “సార్‌ది గుంటూరు కదండీ?”

“కొత్త సినిమాలో బోరబండ బస్తీ కుర్రాడి వేషం,” అన్నాడు త్రినాథరావు చటుక్కున. “యాభై ఏళ్ళొచ్చినా ఎంత కష్టపడతారో చూడండి. ఇంట్లో కూడా పాత్రలోంచి బయటికి రావట్లేదు బాబుగారు.”

మనోజ కళ్ళు చెమర్చాయి. బ్యాగు నిండాక జ్యూస్ ప్యాకెట్ ఇచ్చింది. ఆయన తాగలేదు.

“మా బిడ్డకు తీస్కపోతా,” అని జేబులో పెట్టుకున్నారు.

“ఇది కూడా సీనేనండీ,” అన్నాడు త్రినాథరావు.

ఆయన లేచారు. రెండడుగులు వేసి, మొదలు నరికిన చెట్టులా కూలిపోయారు.

మనోజ పరుగెత్తుకొచ్చి మాస్కు లాగబోయింది. త్రినాథరావు అడ్డం పడ్డాడు. “మాస్కు తియ్యొద్దు! లుక్ బయటికి పోతుంది!”

ఆమె ఇంక ఎవరి మాటా వినకుండా వేలు పొడిచింది. యంత్రంలో అంకె చూసి కేకేసింది.

“డాక్టరుగారూ, తొమ్మిదే ఉందండీ!”

జానకిరామయ్య ముఖం వెలిగిపోయింది. “పంతొమ్మిదిన్నర నుంచి తొమ్మిది! ఐదే వారాల్లో!”

“ఐదు బాటిళ్ళకి అంత దిగదు కదండీ?”

“అది హీరో ఒళ్ళమ్మా. మనలాంటిది కాదు.”

పడిపోయినాయన్ని మంచం మీదికి చేర్చి సెలైన్ జోరు పెంచింది మనోజ. డాక్టరుగారు తీరిగ్గా కాగితం రాసి సంతకం చేశారు. రక్తం చిక్కదనం పూర్తిగా తగ్గినది, లడఖ్ వెళ్ళవచ్చును.

త్రినాథరావు ఆ కాగితాన్ని భద్రంగా జేబులో పెట్టుకుని, వరండాలోకి వెళ్ళి ఫోన్ కలిపాడు.

“శుభవార్త బాబుగారూ, మీకు పూర్తిగా నయమైపోయిందండీ, మన డూపు కళ్ళు తిరిగి పడిపోయాడు!”