కాకరకాయ భిక్ష

బౌద్ధ స్వాములు వానాకాలం మూడు నెలలూ విహారం విడిచి పోకూడని వర్షావాసం ఇంకా వారం ఉందనగా సావెత్‌కు ఎక్కడలేని భక్తి పుట్టుకొచ్చింది.

అంతకుముందు విహారం వైపు తల తిప్పి చూసిన మనిషి కాదు. భిక్షకు వచ్చిన స్వాములకు గరిటెడు అన్నం పెట్టి చేతులు దులుపుకునేది. ఇప్పుడేమో పొద్దు పొడవకముందే నీళ్ళు పోసుకుని, తెల్ల రవిక తొడుక్కుని, ఇంటి మెట్ల కింద చాప పరుచుకుని కూర్చుంటోంది.

మొగుడితో గొడవైన తర్వాతే ఈ మార్పు. గొడవ మొదలైంది కూర దగ్గర. సంబత్ కంచం తోసేశాడు. సావెత్ గరిటె విసిరింది. "పోతాను" అన్నాడతను. "పో, అడ్డమెవరు?" అంది. కండువా భుజాన వేసుకుని మెట్లు దిగినవాడు మళ్ళీ గడప తొక్కలేదు.

మొగుడు పోతే పోయాడు. నారుమడిలో నారు ముదిరిపోతోంది. చేతి ట్రాక్టరు చూస్తే, సంబత్ చెయ్యి పడితే తప్ప దగ్గను కూడా దగ్గదు. ఊళ్ళో ఎవరి పొలంలో వాళ్ళు తలమునకలుగా ఉన్నారు. నాట్లు పడకపోతే ఈ ఏడు ఇంటికి గింజ రాదు.

"వర్షావాసం లోపల వచ్చాడా, వచ్చినట్టు. లేకపోతే మూడు నెలలదాకా ఆశ వదులుకోవడమే," అంది పక్కింటి యీన్ అవ్వతో.

"అయితే ఈ భక్తంతా అందుకేనా?"

"మరెందుకనుకున్నావు? చేసిన పుణ్యం ఊరికే పోతుందా?"

అవ్వ నవ్వీ నవ్వీ నోట్లో ఆకురసమంతా ఒంటిమీద పోసుకుంది.

స్వాములు వరసగా వచ్చారు. ముందు పెద్దస్వామి, అందరికన్నా చివర కొత్తస్వామి. సావెత్ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కరికీ నుదురు చాపకు తాకేలా మొక్కింది. ముందు నలుగురికీ అన్నం, వేయించిన చేప. చివరి స్వామి క్యారేజీలో మాత్రం కాకరకాయ పులుసు, అంచులదాకా.

"పెరట్లో పాదు విరగకాసింది స్వామీ. ప్రత్యేకం మీకోసమే వండాను."

ఇది కావాలని స్వాములు అడగకూడదు, అది వద్దని అనకూడదు. కొత్తస్వామి కళ్ళు దించుకుని దీవెన చదివాడు. మధ్యలో ఒక ముక్క మరిచిపోయి మళ్ళీ మొదలుపెట్టాడు.

మర్నాడూ కాకరకాయే. ఆ మర్నాడు స్వామి ఆ ఇల్లు వచ్చేసరికి అడుగుల జోరు పెంచాడు. సావెత్ ఊరుకుంటుందా? పరుగున ఎదురెళ్ళి నడివీధిలో, దుమ్ములో మోకరిల్లింది. స్వామి ఆగక ఏం చేస్తాడు, పాపం!

పోనీ, మిగతా ఇళ్ళున్నాయి కదా అనుకున్నాడేమో. సావెత్ బుట్టలకొద్దీ కాయలు వీధంతా పంచిపెట్టింది. "నా పేరున మీరు వండి పెట్టండమ్మా," అని బతిమాలింది. మర్నాడు ఏ గుమ్మం ముందు ఆగినా, ఏ మూత తీసినా కాకరకాయే. ఒకరు పులుసు పెట్టారు, ఒకరు వేపుడు పెట్టారు. ఒకావిడైతే కాయల నిండా చేపముద్ద కూరి మరీ పెట్టింది.

సాయంత్రానికి విహారం నుంచి రమ్మని కబురొస్తే సావెత్ వెళ్ళింది.

"అమ్మా, వచ్చిన భిక్ష అందరం పంచుకుని తింటాం," అన్నాడు పెద్దస్వామి. "ఈ వయసులో నాకింత చేదు అవసరమా?"

"తప్పైపోయింది స్వామీ! రేపట్నుంచి మీకు అరటిపండు పాయసం విడిగా తెస్తాను."

"మరి ఆ కొత్తాయనకో?"

"ఆయనకి కాకరకాయే. ఒంటికి మంచిది."

పెద్దస్వామి దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చెయ్యి దించి అడిగాడు.

"సంబత్ పోతానంటే నువ్వే పొమ్మన్నావట కదా?"

"కోపంలో సవాలక్ష అంటాం స్వామీ. అన్నానని పోతారా?" సావెత్‌కు నిజంగానే ఏడుపొచ్చింది. "అక్కడ నారు ముదిరిపోతోంది. ఒంటరిదాన్ని, ఏం చెయ్యను? మొండివాడు రాజుకన్నా బలవంతుడని, నా ఖర్మకొద్దీ అలాంటివాడే దొరికాడు."

"ఎల్లుండి కదా వర్షావాసం మొదలని కొవ్వొత్తి వెలిగించేది. నమ్మకం వదులుకోకు తల్లీ."

ఆఖరి రోజు సావెత్ ప్రాణం పెట్టి వండింది. పాదులో మిగిలిన కాయలన్నీ కోసింది. గింజ తియ్యలేదు, చేదు పిండలేదు. చివరి స్వామి రాగానే మూత తీసి, నేలకు నుదురానించి, ఎంతసేపటికీ లేవలేదు.

స్వామి క్యారేజీలోకి చూశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నీ భక్తికి కరిగిపోయాడే స్వామి," అంది అవ్వ.

మధ్యాహ్నం సావెత్ మడిలో దిగి ఒక్కతే నారు పీకుతోంది. పీకడమైతే పీకుతోంది కానీ, దున్నని చేలో నాటేదెలా? అప్పుడే ఇంటివైపు నుంచి ట్రాక్టరు దగ్గింది. ఇంకోసారి దగ్గింది. తర్వాత ఊరంతా వినబడేలా డబడబలాడింది.

"ఒసేయ్ సావెత్, మీ ఆయనొచ్చాడే!" అవ్వ గట్టుమీద నుంచి కేకేసింది.

సావెత్ బురద కాళ్ళతోనే పరుగెత్తింది. సంబత్ ట్రాక్టరు దిగి, తల వంచుకుని నిలబడ్డాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, తను పట్టుకొచ్చిన నారుకట్ట అతని చేతిలో పెట్టింది.

"ఆ గుండుకి కండువా చుట్టుకో, ఎండకి మాడిపోతుంది, ఇన్నాళ్ళూ భిక్ష పెట్టి నీ ముందు నేను వంగాను స్వామీ, ఇక నాట్లలో నువ్వు వంగు!" అంది.