మందారం మొదట్లో ఉప్పు

దుర్గారావు మందారం మొదట్లోంచి చిటికెడు మట్టి తీసి నాలిక మీద వేసుకున్నాడు. వెంటనే ఉమ్మేశాడు.

"ఉప్పండీ. ఎవరో పనిగట్టుకుని పోస్తున్నారు" అన్నాడు పక్కనున్న శ్రీహరితో.

ఎదురింటి శ్రీహరి కాలేజీలో లెక్చరర్. వంగి చూశాడు. మట్టి మీద తెల్లటి పొర కట్టింది. ఆకుల అంచులు సెగ తగిలినట్టు మాడి ఉన్నాయి.

మూడు నెలల కిందట ఆ వీధిలో పన్నెండు ఇళ్లవాళ్లూ కలిసి, సిమెంటు రోడ్డుకీ మురుక్కాలవకీ మధ్యనున్న రెండడుగుల జాగాలో తుక్కంతా ఎత్తి పారేశారు. ఎర్రమట్టి తోలించి నందివర్ధనాలూ మందారాలూ క్రోటన్లూ నాటారు. ఆడవాళ్లు అంచు ఇటుకలకు రంగులు వేశారు. వచ్చే సోమవారం మునిసిపాలిటీవాళ్లు వచ్చి చూస్తారనీ, బాగున్న వీధికి బహుమతి ఇస్తారనీ కబురు.

ఇదంతా దుర్గారావు పూనిక. పెదపారుపూడిలో ముప్పై ఏళ్లు వరి పండించిన మనిషి, రెండేళ్ల కిందట బందరులో ఇల్లు కట్టుకుని వచ్చాక చేతికి పనిలేక గిలగిల్లాడిపోయాడు. మొక్కల మాట రాగానే నీళ్ల పూచీ తనదన్నాడు. పెరట్లో బోరు ఉంది. అది వేసిన రోజు వచ్చిన వాళ్లందరికీ దోసిళ్లలో పోసి తాగించాడు. కొబ్బరినీళ్లే అన్నారు అంతా. ఇంట్లో తాగడానికీ వంటకీ టిన్నుల నీళ్లు, స్నానాలకి కుళాయి. ఇక బోరు మొక్కలకే. కుళాయి నీళ్లలో బ్లీచింగ్ ఉంటుందనీ, అది మొక్కకు పడదనీ ఆయన వాదం. పొద్దునా సాయంత్రం వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా పైపు లాగి తడిపేవాడు. అంతలా చూసుకున్నవి కళ్లముందే మాడిపోతుంటే ఆయనకి కాలు నిలవడం లేదు.

వీధి మొగలో నాలుగు నందివర్ధనాలు మాత్రం నిగనిగలాడుతున్నాయి. వాటి పక్కనే అంకమ్మ ఉప్పుచేపల బుట్ట ఉంటుంది.

అంకమ్మ గిలకలదిండి నుంచి ఆటోలో వచ్చి ఇరవై ఏళ్లుగా ఆ మూలే కూర్చుంటోంది. మొక్కల కోసం ఆమె జాగా తవ్వేసి నాలుగు గజాలు అవతలికి జరగమన్నారు. మారుమాట లేకుండా జరిగింది. ఆ రోజు మంచిదనిపించిన ఆ మౌనమే ఇప్పుడు దుర్గారావుకి అనుమానంగా తోచింది. తన పక్కనున్న నాలుగూ ఉంచుకుని మిగతావాటి పని పడుతోందన్నమాట.

కంటితో చూడకుండా ఒకరిని అనకూడదన్నాడు శ్రీహరి. అయితే చూసే అంటానని, మర్నాడు పొద్దున్నే దుర్గారావు గేటు వెనక కాపు వేశాడు. భార్య కుమారి తెచ్చిన కాఫీ కూడా అందుకోలేదు. ఆరు గంటలకి అంకమ్మ ఆటో దిగి, బుట్ట దించి, ప్లాస్టిక్ బిందెతో నందివర్ధనాల మొదళ్లలో పోసింది. మిగిలినవాటిలో కాసిని తెచ్చి ఆయన మందారానికి పోసింది.

ఒక్క ఉదుటున గేటు తీశాడు.

"ఏంటది బిందెలో?"

"నీళ్లేనండి బాబుగారూ. మలుపులో కుళాయి నీళ్లు. వాడిపోతన్నాయని పోత్తన్నాను."

"నేను రెండు పూటలా పోస్తుంటే మళ్లీ నువ్వెందుకు?"

అంకమ్మ ఏదో చెప్పబోయింది. ఈలోగా నలుగురూ పోగయ్యారు. దుర్గారావు బిందె లాక్కుని వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. బిందె అడుగున ఇంకా గుక్కెడు ఉంది.

"నోట్లో వేసుకుని చూడండి, తేలిపోతుంది" అన్నాడు శ్రీహరి.

"చేపల బిందెలో నోరు పెట్టమంటారా?"

మట్టి రుచి చూసిన మనిషి ఆ నీళ్లలో వేలు కూడా ముంచలేదు. గుక్కెడూ కాలవలో గుమ్మరించి, రేపట్నించి ఈ వీధిలో కనబడొద్దన్నాడు. శ్రీహరి నేల చూపులు చూశాడు. మిగతావాళ్లు అవునన్నట్టు తలలూపారు.

"ఇరవయ్యేళ్లు కూకున్నానండి ఇక్కడ. ఒక్క ఆకు తుంచలేదు" అంది అంకమ్మ.

రోజూ ఆమె బుట్ట నెత్తికెత్తుకునేటప్పుడు ఎవరో ఒకరు చెయ్యి వేసేవాళ్లు. ఆ రోజు ఎవరూ వెయ్యలేదు. మోకాలి మీద ఆనించుకుని, తనే ఎత్తుకుని వెళ్లిపోయింది.

పీడ విరగడైందనుకున్నాడు దుర్గారావు. మాడిన మొక్కలు పీకి కొత్తవి నాటాడు. రెండు పూటల్ని మూడు పూటలు చేశాడు. అయినా మనసు కుదుటపడలేదు. గురువారానికి కొత్త మందారాలు తల వేలాడేశాయి. ఆమె ఎవరూ చూడని వేళ వచ్చిపోతోందనుకుని, వీధి మొగలో కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. అన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నాడు. వీధిలోకి ఏ బిందె వచ్చినా లేచి వెళ్లి అడిగేవాడు. అంకమ్మ జాడ లేదు. నందివర్ధనాల ఆకులు మాత్రం అంచుల నుంచి ఎర్రబడుతున్నాయి.

ఆదివారం టిన్నుల ఆటో రాలేదు. కుళాయీ రాలేదు. చేసేది లేక కుమారి బోరు నీళ్లు పట్టుకుని చారు పెట్టింది. అది తెర్లుతుండగా దుర్గారావు ఉసూరుమంటూ వచ్చి వంటింటి గడపలో కూలబడ్డాడు.

"ఆ నాలుగూ కూడా పోయాయే. రేపు వాళ్లొస్తే ఏం చూపించను? ఆవిణ్ణి పంపేసినా ఇంకా ఎవరు పోస్తున్నారో అంతు చిక్కడం లేదు."

"అవి తర్వాత చూద్దాం. ముందు ఈ పులుపు సరిపోయిందేమో చెప్పండి" అంటూ కుమారి గరిటెతో రెండు చుక్కలు ఆయన అరచేతిలో వేసింది.

ఊదుకుని నాకాడు. మొహం చిట్లించాడు.

"పులుపు సరిపోయింది. ఉప్పే మరీ ఎక్కువేశావు."

కుమారి మూత తియ్యని ఉప్పు డబ్బా వంక చూసింది.

"నేనింకా ఉప్పు వెయ్యలేదండీ."