ఏడు చోట్ల నంబరు

“ఏడు చోట్ల నంబర్ గీకితే దొంగ బండిని ముట్టడా? వాడేమన్న చదువుకుంట కూసుంటడా మియా?”

ఫిరోజ్ మాటకు దుకాణం ముందు టీ తాగుతున్న నలుగురూ పకపకా నవ్వారు. ఆబిద్ నవ్వలేదు. పిల్లనిచ్చిన మామ కాబట్టి గట్టిగా ఎదురు చెప్పనూ లేదు. నంబర్లు చెక్కే మిషను పక్కన పెట్టి, తన నల్ల బైకు ముందు చక్రం చూపించాడు.

“నంబర్ ప్లేటు పీకుడు రెండు నిమిషాల పని మామా. గీ రిమ్ము మీద, సైలెన్సర్ మీద, సీటు కింద, ఇట్ల అంతట నంబర్ ఉంటే ఎన్నని రాకుతడు? పార్టులు విప్పి అమ్మినా దొరుకుతడు. గందుకే గసొంటి బండి జోలికి పోడు.”

“మరి ఊరు నమ్మిందా?”

బాన్సువాడలో ఈ దుకాణం తెరిచి మూడు నెలలైంది. వచ్చినవాళ్లంతా వివరంగా అడిగి, తలూపి, వెళ్లిపోయినవాళ్లే. మామేమో తన బట్టల దుకాణంలో చీరలు మడతపెట్టడానికి రమ్మంటాడు. ఆ మాట వింటేనే ఆబిద్‌కు ఒళ్లు మండుతుంది. దుకాణం తెరిచిన రోజే భార్య మాసూమాకు తెగేసి చెప్పాడు, మీ అబ్బా పంపించాడని ఒక్క గిరాకీ కూడా నా గడప తొక్కొద్దని.

“షరతు కడదాం,” అన్నాడు ఫిరోజ్, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు పైకి నెట్టుకుంటూ. వాటి కాడ ఒకటి వదులైతే మాసూమా ఆకుపచ్చ దారం చుట్టి ఇచ్చింది. కొత్తవి కొనుక్కోమంటే వినడు. “నీ బండి బస్టాండ్ ముంగట పెట్టు. తాళంచెవి దానికే ఉంచు. వారం రోజులు. ఎవ్వడు ముట్టకున్నా, ముట్టినోని చేతిలకెళ్లి తిరిగొచ్చినా, ఇగ నీ పనికి అడ్డం రాను. పోయి రాకుంటే మాత్రం షటర్ గుంజి నా దుకాణంల కూసో.”

“మంజూర్,” అన్నాడు ఆబిద్.

ఫిరోజ్ స్కూటర్ ఎక్కాడు.

“హెల్మెట్ పెట్టుకో మామా.”

“అద్దాలున్నోని తలకు ఎక్కదు గది,” అంటూ సాగిపోయాడు.

సోమవారం నుంచి బుధవారం దాకా బండి పెట్టిన చోటే ఉంది. దాని మీద ఆనుకుని సెల్ఫీలు దిగినవాళ్లున్నారు గానీ ఎత్తుకెళ్లినవాళ్లు లేరు. గురువారం పొద్దున బస్టాండ్ దగ్గర టీ కొట్టు పెట్టుకున్న ఆశన్న రొప్పుతూ ఉరికొచ్చాడు.

“అన్నా, నీ బండి పోయింది! సొంత బండి లెక్కనే ఎక్కి కూసున్నడు, పోయిండు.”

“ఎట్లున్నడు?”

“హెల్మెట్ పెట్టుకున్నడు, మొఖం కానరాలే. మన బాన్సువాడల హెల్మెట్ పెట్టుకున్నడంటేనే నాకు డౌటు రావాలె!”

ఆబిద్ ఠాణాకు పోయి, నంబరు చెక్కిన ఏడు చోట్లూ రాసిచ్చాడు. మామకు చెబుదామని పోతే సరుకు కోసం ఊరు దాటాడన్నారు. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

“చీరలు మడతపెట్టుడు నేర్చుకోవాలె ఇగ,” అన్నాడు మాసూమాతో.

“వారం ఇంకా అయిపోలే గదా,” అంది ఆమె, పళ్లెం మళ్లీ అతని ముందుకు జరుపుతూ.

మర్నాడు ఫిరోజ్ వచ్చాడు. ఓదార్చలేదు, ఎగతాళీ చేయలేదు. పేపరును బారెడు దూరం పట్టుకుని కళ్లు చికిలిస్తూ తంటాలు పడుతున్నాడు.

“అద్దాలేవి అబ్బా?”

“యాడనో పెట్టిన. దొరుకుతయి తీ.”

“నీకు ఏదీ యాదికుండది,” అని మాసూమా విసుక్కుంది.

శనివారం బీర్కూర్ నుంచి ఫోనొచ్చింది. చేసింది సాంబమూర్తి అనే రైతు. ఆయన తాతలు కాలువ నీళ్ల కోసం కోస్తా నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డారు.

“మా చేను పక్కన కాలవ గట్టు మీద నల్ల బైకు ఉందండీ. నంబరు ప్లేటు లేదు. పోలీసులొచ్చి చూస్తే రిమ్ము మీద మీ బండి నంబరు దొరికింది. మీ ఫోన్ నంబరు వాళ్లే ఇచ్చారు.”

ఆబిద్ మొదటి బస్సుకే వెళ్లాడు. బండి చుట్టూ సగం ఊరు మూగి ఉంది. సాంబమూర్తి సీటు ఎత్తించి, రిమ్ములు తుడిచి మరీ అందరికీ చూపిస్తున్నాడు.

“పాపం, దొంగ ప్లేటు పీకి హమ్మయ్య అనుకుని ఉంటాడండీ. తీరా చూస్తే ఎక్కడ పడితే అక్కడ నంబరే! హడలిపోయి తాళంచెవి కూడా వదిలేసి పారిపోయాడు. బాబూ, ముందు నా బండికి చెక్కాలి మీరు!”

“నాదానికి గూడ!” అన్నారు వెనక నుంచి నలుగురైదుగురు.

ఠాణాలో కాగితాల పని ముగిసి, సోమవారానికి బండి ఆబిద్ చేతికొచ్చింది. బండి కన్నా ముందు కబురు బాన్సువాడ చేరిపోయింది. ఆ రోజు దుకాణం ముందు బండ్ల వరుస టీ కొట్టు దాకా సాగింది. ఆబిద్ చేతులు నొప్పెడుతున్నాయి, అయినా మనసు మాత్రం పండగ చేసుకుంటోంది. ఇది తన సొంత గెలుపు, ఎవరి దయా కాదు.

ఫిరోజ్ కూడా స్కూటర్‌తో వరుసలో నిలబడ్డాడు.

“ఓడిపోయిన మియా, ఒప్పుకుంటున్న. నాదానికి ఎనిమిది చోట్ల గీకు.”

“అల్లుడని తగ్గకు మామా, తొమ్మిది చోట్ల గీకించుకో!” అన్నాడు ఆబిద్. ఇద్దరూ నవ్వుకున్నారు. మూడు నెలల్లో మామ మీద అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు.

సాయంత్రానికి గిరాకీ పలచబడింది. తన బైకుకు కొత్త నంబరు ప్లేటు బిగిద్దామని, పానా కోసం ఆబిద్ సీటు పక్కనున్న సామాన్ల డబ్బా మూత తెరిచాడు.

లోపల ఆకుపచ్చ దారం చుట్టిన కళ్లద్దాలున్నాయి.